దగ్గరగా చూసిన ఆదివారాలు

మా ప్రెస్సుకు ఆ కెమెరా వచ్చింది రెండువేల నాలుగులో అనుకుంటాను. గవర్నరుపేటలో ఒక సందు చివర ఉండేది ప్రెస్సు. కింద రెండు ఆఫ్‌సెట్ మిషన్లు, పైన కంప్యూటర్లు, వాటి పక్క గదిలో ఫిల్ములు అతికించే గాజు బల్ల. నేను అప్పటికి పన్నెండేళ్ళుగా ఆ గాజు బల్ల దగ్గరే పనిచేస్తున్నాను. బల్ల కింద ట్యూబులైట్లు వెలుగుతూ ఉంటాయి. దాని మీద నాలుగు రంగుల ఫిల్ముల్ని ఒకదాని మీద ఒకటి పరిచి, కంటికి చిన్న భూతద్దం ఆనించి, గీత మీద గీత, చుక్క మీద చుక్క కూర్చుందో లేదో చూడటం నా పని. వెంట్రుకవాసి తేడా వచ్చిందంటే క్యాలెండరులో అమ్మవారికి రెండు జతల పెదవులు కనిపిస్తాయి.

మా యజమాని గారు హైదరాబాదు నుంచి వస్తూ ఆ కెమెరా తెచ్చారు. సబ్బు పెట్టెంత ఉంది. రెండు పెన్సిలు సెల్లులు వేస్తే ముక్కు ముందుకు పొడుచుకొచ్చేది. స్టీలు సామాన్ల కొట్టువాళ్ళ క్యాటలాగుకి ఫోటోలు మనమే తీసేస్తే పోలా అని ఆయన ఆలోచన. తీశారు. ప్రతి బిందె మీదా ఫ్లాష్ తెల్లగా పేలింది. ఆ తెలుపు పక్కనే కెమెరా పట్టుకుని నిలబడ్డ మా కంప్యూటర్ ఆపరేటరు పొట్టిగా, వెడల్పుగా ప్రతి బిందెలోనూ కనిపించాడు. కొట్టువాళ్ళు నవ్వి, మళ్ళీ స్టూడియోకే వెళ్ళారు. కెమెరా సొరుగులోకి పోయింది.

నెల తర్వాత యజమాని గారే దాన్ని తీసి నా చేతిలో పెట్టారు.

"చిన్నవి చూడటం నీకు అలవాటే కదయ్యా. ఆదివారాలు ఇంటికి పట్టుకెళ్ళి నేర్చుకో."

"పాడైపోతే ఎట్లాగండీ?"

"సొరుగులో ఉన్నా పాడవుతుంది. అక్కడ పాడైతే ఎవరికీ ఏమీ రాదు. నీ చేతిలో పాడైతే నీకు పనన్నా వస్తుంది."

ఆ మాట ఆయన తేలిగ్గా అన్నారు. నేను మాత్రం ఈ రోజు వరకూ తేలిగ్గా తీసుకోలేదు.

అంతకు ముందు ఫోటో అంటే నాకు తెలిసింది ఫిల్ము రీలు. తొంభై మూడులో మా పెళ్ళి ఆల్బమ్, ఆ తర్వాత ఎవరో బంధువుల కెమెరా అరువు తెచ్చుకుని పొదుపుగా తీసుకున్న నాలుగు ఫోటోలు. పోస్టుకార్డు సైజు కాగితం మీద పాతిక మంది నిలబడితే ఒక్కో మొహం బియ్యపు గింజంత వచ్చేది. భూతద్దం పెడితే గింజ కాస్తా పొడి అయిపోయేది. ఇక ప్రెస్సులో అచ్చయిన బొమ్మ సంగతి చెప్పనక్కరలేదు. దూరం నుంచి నిండుగా కనిపించే సినిమా తార బుగ్గ, భూతద్దం కింద గులాబీ, పసుపు చుక్కల సంత. దగ్గరికి వెళ్ళేకొద్దీ బొమ్మ మాయమైపోతుందని పన్నెండేళ్ళుగా నాకు కళ్ళు నేర్పిన పాఠం.

కెమెరాలో పువ్వు గుర్తు ఉన్న మీట ఒకటుంది. అది నొక్కితే జానెడు దూరంలో ఉన్నవాటిని కూడా స్పష్టంగా తీస్తుందని, దానితో వచ్చిన పుస్తకంలో చదివాను. మొదటగా నేను తీసింది మా మిషన్‌మాన్ బొటనవేలు. భోజనాల వేళ, కిటికీ దగ్గర, ఫ్లాష్ ఆపేసి తీశాను. ఆయన చేతులు ఎన్నిసార్లు కిరోసిన్‌తో తుడుచుకున్నా రంగు పూర్తిగా వదలదు. పైకెళ్ళి కంప్యూటర్లో తెరిచి పెద్దది చేశాను. వేలిముద్ర గీతలన్నీ లేచి నిలబడ్డాయి. గీతకీ గీతకీ మధ్య నీలం రంగు సన్నగా పారుతోంది. గోరు మూల పగిలిన చర్మం, దాని మీద కాగితపు నూగు.

మిషన్‌మాన్ని పిలిచి చూపించాను. ఆయన కాసేపు తెరకేసి చూసి, "ఏంటిది, దమ్ము చేసి నీళ్ళు పెట్టిన పొలమా?" అన్నాడు.

"నీ వేలు."

ఆయన వేలు ఎత్తి చూసుకున్నాడు, తెర చూశాడు, మళ్ళీ వేలు చూసుకున్నాడు. "నాలుగెకరాలుంటుందయ్యా!" అని కిందికి వెళ్ళి అందరినీ పంపించాడు.

ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఎట్లాంటిదో చెప్పడం కష్టం. దగ్గరికి వెళ్తే బొమ్మ పోలేదు. దగ్గరికి వెళ్తే ఇంకా వచ్చింది. ఒక హద్దు వరకే అనుకోండి, ఆ తర్వాత గళ్ళు గళ్ళుగా విడిపోయేది. కానీ ఆ హద్దు లోపల ఉన్నదంతా నాకు కొత్త. జామాకు అడుగున నరాలు, చింతపండు తొక్కలోని నార, మా అమ్మాయి స్కూలు రిబ్బను అల్లిక, ఇడ్లీ మీద ఆవిరి వదిలిపోయిన చిల్లులు. దేన్ని చూసినా పువ్వు గుర్తు నొక్కాలనిపించేది. మా ఇంట్లో కంప్యూటర్ లేదు. కెమెరా వెనక ఉన్న తెర అగ్గిపెట్టె కంటే చిన్నది. అందుకని ఆదివారం తీసినవి సోమవారం పని మొదలయ్యే ముందు ప్రెస్సులో చూసుకునేవాణ్ణి.

మా ఆవిడ ఎగతాళి చేసేది. "ఆదివారం తీస్తారు, సోమవారం చూస్తారు, మంగళవారం నాకు చెప్తారు. ఈలోపు ఆ ఇడ్లీ అరిగి కూడా పోయింది."

ఇక మా మామగారి గురించి చెప్పాలి. ఆయనది పెడన. కలంకారీ అద్దకానికి వాడే చెక్క అచ్చులు చెక్కేవారు. టేకు దిమ్మ మీద తెల్లని పూత పూసి, దాని మీద కాగితంలోని డిజైను దించి, గీత చుట్టూ ఉన్న చెక్కనంతా సన్నని ఉలులతో తీసేస్తారు. చివరికి గీత ఒక్కటే పైకి నిలుస్తుంది. దాన్ని రంగులో ముంచి బట్ట మీద అద్దుతారు. నేను పెళ్ళయిన కొత్తలో పెడన వెళ్ళినప్పుడల్లా ఆయన కిటికీ కింద చాప మీద కూర్చుని పనిచేస్తూ ఉండేవారు. నన్ను చూసి లేవబోయేవారు. "మీరు కానివ్వండి మావయ్యగారూ" అని పక్కన కూర్చునేవాణ్ణి. ఇద్దరివీ సన్నగీతల ఉద్యోగాలే కాబట్టి మాటలు పెద్దగా అవసరం ఉండేది కాదు. ఆయన ఉలి చప్పుడు వింటూ నేను గంటలు గడిపేసిన రోజులున్నాయి.

తొంభైల చివరికి ఆయనకి షుగరు కళ్ళలోకి వచ్చింది. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కంటికి విజయవాడలో లేజరు పెట్టారు. డాక్టరు గారు, "ఉన్న చూపు నిలబెట్టుకోవడమేనండీ, పోయింది రాదు" అని చెప్పేశారు. మనిషి ఆకారం తెలుస్తుంది, దారి తెలుస్తుంది. నేరుగా దేన్ని చూసినా నడిమధ్యన బూడిదరంగు మచ్చ అడ్డం వస్తుంది. ఆయన ఉలులన్నీ నూనె గుడ్డలో చుట్టి రేకు పెట్టెలో పెట్టేశారు. ఆ పెట్టె ఎక్కడుందో మళ్ళీ అడగలేదు. పొద్దున వరండాలో కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి పిలిచేదాకా అక్కడే. ఎవరైనా పలకరిస్తే నవ్వుతారు. అంతే.

ఆయన చెక్కిన అచ్చు ఒక్కటీ ఇంట్లో లేదు. చెక్కడం, అద్దకం షెడ్లవాళ్ళకి ఇచ్చెయ్యడం, అదీ పని. అచ్చుల మీద చెక్కినవాళ్ళ పేరుండదు.

ఒక ఆదివారం పొద్దున గుడివాడ మీదుగా వెళ్ళే పాసింజరు ఎక్కి మా ఆవిడా నేనూ పెడన వెళ్ళాం. అత్తగారు భోజనాలయ్యాక నేను నడుం వాలుస్తానని, ట్రంకు పెట్టెలోంచి పాత దుప్పటి ఒకటి తీసి వరండా మంచం మీద పరిచారు. కలంకారీ దుప్పటి. ఎన్ని ఉతుకులు తిందో గానీ ఎరుపు ఇటుక రంగుకు తిరిగింది. నలుపు మాత్రం చెక్కుచెదరలేదు. దుప్పటి అంచు పొడుగునా పూలతీగ. నాకు నిద్ర ఎక్కడ పడుతుంది? కెమెరా తీసి, మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తీగను జానెడు జానెడు చొప్పున తీసుకుంటూ పోయాను.

మామగారికి కెమెరా చప్పుడు వినిపించింది. "ఏం తీస్తున్నారండీ?"

"దుప్పటండీ."

"దుప్పటికి ఫోటో ఏంటండీ, మనుషుల్ని తియ్యక?"

"బాగుంది మావయ్యగారూ. ఎవరు చెక్కారో!"

అత్తగారు లోపలి నుంచి, "ఎవరు చెక్కితే ఏంలే బాబూ, దాని మీద మీ ఆవిడ చిన్నప్పుడు పాలు కక్కింది" అన్నారు.

సోమవారం ప్రెస్సులో ఆ ఫోటోలు తెరిచాను. ముందు నూలు పోగులు కనిపించాయి, నిలువు పోగు పైన అడ్డపోగు, దాని కింద నుంచి మళ్ళీ నిలువు పోగు. నల్లరంగు ఒక పోగు మీద ఆగకుండా పక్క పోగులోకి వెంట్రుకంత పాకిన చోట్లు కూడా తెలుస్తున్నాయి. తర్వాత తీగ చూశాను. ప్రతి వంపు దగ్గరా మూడు ఆకులు. మూడు, మూడు, మూడు. ఒక వంపు దగ్గర మాత్రం నాలుగు. ఆ నాలుగోది బాగా చిన్నది, మొగ్గ కింద సగం దాక్కుని ఉంది. అచ్చు మళ్ళీ మళ్ళీ వేస్తారు కాబట్టి జానెడుకొకసారి అదే చోట అదే చిన్న ఆకు. మామూలు కళ్ళతో చూస్తే మొగ్గ నీడ అనుకుంటాం. ఫిల్ములో చుక్క తేడా పట్టుకునే బుద్ధి ఊరుకోదు కదా, సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను.

"నాన్ననడగండి" అంది.

పెడనలో పక్కింటి వాళ్ళకి ఫోను ఉండేది. వాళ్ళు పిలుచుకొచ్చారు. నేను విషయం చెప్పాను.

"ఎడమవైపు మొగ్గ కిందేనాండీ?" అన్నారు ఆయన వెంటనే.

"అవునండీ. మీకెలా తెలుసు?"

"ఎంత చిన్నగా ఉందండీ అది? కనిపించిందా మీకు?"

"బొమ్మ పెద్దది చేస్తే కనిపించిందండీ. ఇంకా పెద్దది కూడా చెయ్యచ్చు."

"ఎంత పెద్దది?"

"మీ అరచెయ్యంత."

"కంటి డాక్టరుకి ఈ నెల చూపించుకోవాలి. శనివారం వస్తాను" అన్నారు. అంతకు ముందు కంటి డాక్టరు దగ్గరికి రమ్మంటే వంద సాకులు చెప్పిన మనిషి.

శనివారం ఆస్పత్రి పని చూసుకుని, ఆదివారం పొద్దున ఆయన్ని ప్రెస్సుకు తీసుకెళ్ళాను. తాళం చెవులు అడగడానికి ముందు రోజే యజమాని గారికి సంగతి చెప్పాను. తాళాలు ఇస్తారనుకుంటే ఆయనే వచ్చారు. షట్టరు ఎత్తి, పైకి మెట్లు ఎక్కేటప్పుడు మా మామగారి మోచెయ్యి పట్టుకుని నడిపించారు. కంప్యూటర్ ముందున్న తిరిగే కుర్చీ ఆయనకి సరిపడదని తన గదిలోంచి చేతుల కుర్చీ మోసుకొచ్చారు. కిటికీలు మూసి, లైట్లు ఆర్పి, తెర వెలుగు ఒక్కటే ఉంచారు.

నేను బొమ్మ తెరిచాను. మామగారు నేరుగా చూడలేదు. ముఖం పక్కకి తిప్పి, మెడ వంచి, కంటి కొసతో చూశారు. నేను పెద్దది చేసుకుంటూ పోయాను. తీగ, వంపు, మొగ్గ, మొగ్గ కింద ఆకు. ఆకు అరచెయ్యంత అయ్యాక ఆయన చెయ్యి ఎత్తారు. "ఉండనివ్వండి."

తెర దగ్గరికి వేలు తీసుకెళ్ళి, తాకకుండానే ఆకు అంచు చుట్టూ తిప్పారు. వేలు సరిగ్గా గీత మీదే తిరిగింది. ఆయనకి నవ్వొచ్చింది. నేను ఆయన నవ్వు చప్పుడు విని ఎన్నాళ్ళయిందో.

"జారిందండీ" అన్నారు. "ఉలి జారి మొగ్గ కాడ తెగింది. పదిహేను రోజుల పని. మా మేస్త్రి చూస్తే దిమ్మ అవతల పారేస్తాడు. తెగిన చోట ఏం చెయ్యాలి? అక్కడ మిగిలిన కాస్త చెక్కనీ ఆకు చేసేశా. మేస్త్రి అచ్చు తిప్పి తిప్పి చూసి, బాగుందిరా అని లోపల పెట్టాడు. ఆ రాత్రి అన్నం తినలేదు నేను."

"ఎవరూ పట్టుకోలేదా?" అన్నారు యజమాని గారు.

"ముప్ఫై ఏళ్ళు పట్టుకోలేదండీ. మా అల్లుడుగారు పట్టుకున్నారు."

ముగ్గురం నవ్వాం. కాసేపాగి ఆయనే మళ్ళీ అన్నారు. "తర్వాత దాని మీద ఇష్టం పుట్టిందండీ. తీగ అచ్చు ఎప్పుడు చెక్కినా ఎక్కడో ఒకచోట ఆ చిన్నాకు పెట్టేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు. మా ఇంటిదానికీ తెలియదు."

యజమాని గారు నా వంక చూశారు. "అయితే ఆ షెడ్లలో వెతికితే ఈయన అచ్చులేవో తెలిసిపోతుంది కదయ్యా!" అన్నారు. నాకు తట్టని మాట అది.

ఆ తర్వాత ఐదారు ఆదివారాలు మామగారూ నేనూ పెడనలో అద్దకం షెడ్లు తిరిగాం. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి నడిచేవారు. స్క్రీన్ ప్రింటింగ్ వచ్చాక చాలా షెడ్లలో చెక్క అచ్చులు మూలకు పడ్డాయి. గోడ పొడుగునా అరల్లో, గోనెసంచుల్లో, కొన్ని చోట్ల రంగు ఉడికించే గాబు పక్కన పొయ్యిలోకి సిద్ధంగా. షెడ్లవాళ్ళు మంచివాళ్ళు. ఆయన్ని గుర్తుపట్టి ముక్కాలిపీట వేసి కూర్చోబెట్టేవారు. నేను ఒక్కో అచ్చూ తీసి, దుమ్ము దులిపి, గుమ్మం దగ్గర ఏటవాలు ఎండలో పెట్టి ఫోటో తీసేవాణ్ణి. ఎండ పక్కనుంచి పడితే గీత వెంబడి నీడ వచ్చి, అరిగిపోయిన చెక్కుడు కూడా లేచి కనిపిస్తుంది. మెమరీ కార్డు నిండేదాకా తీయడం, సోమవారం ప్రెస్సులో చూడటం. అచ్చులో బొమ్మ తిరగబడి ఉంటుంది కాబట్టి కంప్యూటర్లో ఒక్క నొక్కుతో తిప్పేసేవాణ్ణి. ఆ సంగతి చెబితే మామగారు, "మేం బుర్రలో తిప్పేవాళ్ళమండీ" అన్నారు.

పూర్తిగా ఉన్నవి పదకొండు దొరికాయి. ఒక్కోదాంట్లో ఆకు ఒక్కో చోట. ఒకదాంట్లో చిలక రెక్క కింద, ఒకదాంట్లో కాడకి ఆనుకుని ఈకలా. పన్నెండోది సగం కాలిపోయి ఉంది. ఆ షెడ్డు నడిపే ఆవిడ దాన్ని చూపించడానికే మొహమాటపడింది.

"మీదని తెలియదు బాబాయ్. పేరు లేదు కదా. తెలిస్తే పొయ్యిలో పెడతామా?"

"పేరెక్కడిదమ్మా" అన్నారాయన. కాలిన అంచు బొటనవేలితో తడుముతూ చాలాసేపు ఒళ్ళో పెట్టుకు కూర్చున్నారు. నేను మిగిలిన సగాన్ని ఫోటో తీసుకున్నాను.

ఆ ఆవిడే తర్వాత మాకు పని చెప్పింది. సహజరంగుల బట్ట కావాలని ఆవిడకి బయటి ఊళ్ళ నుంచి అడుగుతున్నారు. మొగ్గ కింద చిన్నాకున్న ఆ పాత పూలతీగ అచ్చు ఆవిడ దగ్గరే ఉంది గానీ గీతలు అరిగి, రంగు పట్టడం లేదు. ఊళ్ళో ఇప్పుడు చెక్కే ఆయనకి ముప్ఫై ఐదేళ్ళుంటాయి, మంచి పనివాడు. ఆ అరిగిన చెక్క చూసి, "దీంట్లోంచి ఏం తీస్తానండీ, సగం గీతలు లేవు" అనేశాడు.

గీతలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. అత్తగారి దుప్పటి మీద ఉన్నాయి. అచ్చు కొత్తగా ఉన్నప్పుడు అద్దిన బట్ట అది. నేను మళ్ళీ వెళ్ళి, దుప్పటిని బల్ల మీద సాపుగా పరిచి, పక్కన స్కేలు పెట్టి, తీగను ముక్కలు ముక్కలుగా తీశాను. ప్రెస్సులో ఆ ముక్కలన్నీ కలిపి, అసలు అచ్చు ఎంతో అంతే కొలతకు తెచ్చి, ఫిల్ము మీద తీసుకున్నాను. ఆ ఫిల్మును గాజు బల్ల మీద పెట్టి భూతద్దంతో చూసినప్పుడు, అన్నేళ్ళ నా ఉద్యోగం ఈ పనికోసమే నేర్చుకున్నానేమో అనిపించింది. యజమాని గారు ఆ ఫిల్ముకి బిల్లు రాయనివ్వలేదు. పైగా ఒక్కో వంపునీ పెద్ద కాగితం మీద, తలుపు రెక్కంత, ప్రింటు తీయించి ఇచ్చారు.

ఆ కాగితాలు పెడనలో చెక్కే ఆయన ఇంటి గోడకి అంటించాం. మామగారు ఎదురుగా కూర్చుని, ముఖం పక్కకి పెట్టి, కంటి కొసతో చూస్తూ చెప్పేవారు. "ఇక్కడ ఉలి నిలువుగా పెట్టకు, కొద్దిగా బయటికి వాల్చు. లేకపోతే అద్దినప్పుడు గీత విరుగుతుంది." ఆయన అలా మాట్లాడటం చూసి, మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

చివరికి మొగ్గ దగ్గరకొచ్చేసరికి చెక్కే ఆయన ఉలి ఆపి అడిగాడు. "ఈ చిన్నాకు ఉంచమంటారా బాబాయ్?"

"వద్దు. అది నా చెయ్యి జారింది. నీదెందుకు జారాలి?"

"అందంగా ఉందండీ."

"ఎప్పుడో ఒకప్పుడు నీ చెయ్యీ జారుతుందిగా. అప్పుడు నీ ఆకు నువ్వు పెట్టుకుందువుగానిలే."

అతను నవ్వి, మొగ్గ కాడని ఉన్నది ఉన్నట్టు చెక్కాడు. కొత్త అచ్చుతో షెడ్డులో మొదటి గజం అద్దిన రోజు మామగారిని పిలిచారు. ఆయనకి గీతలు కనబడలేదు. బట్ట మీద చెయ్యి వేసి తడి తెలుసుకుని, రంగు వాసన చూసి, "నలుపు బాగా పట్టింది" అన్నారు. అది చాలింది ఆయనకి. వెళ్ళేటప్పుడు ఆ ఆవిడ, "వారానికి రెండు రోజులు వచ్చి కూర్చోండి బాబాయ్, మావాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు" అంది. ఆయన వెళ్ళడం మొదలుపెట్టారు. వరండా కుర్చీ ఖాళీ అయింది. అత్తగారు, "అన్నానికి పిలుద్దామంటే మనిషి దొరకట్లేదు" అని విసుక్కునేవారు. ఆ విసుగులో ఎంత సంతోషం ఉందో మాకు తెలుసు.

ఆ తర్వాత కూడా నెలకోసారి కంటి డాక్టరు కోసం విజయవాడ వచ్చేవారు. వస్తే ఆదివారం ప్రెస్సులో గంటసేపు కూర్చోవాల్సిందే. "ఈ నెల ఏం తీశారండీ?" అని అడిగేవారు. ఆయనకి చూపించడానికని నేను నెలంతా వెతికి తీసేవాణ్ణి. ఉయ్యూరు దగ్గర చెరుకు తోటలో కోసిన గడ అడ్డం ముక్క, కాలవ గట్టున బొచ్చె చేప పొలుసు, వరి పూత. ఒకసారి కాలవ పక్కన గడ్డిపరక మీద వాలిన తూనీగ రెక్క తీసుకెళ్ళాను. తెర నిండా పెట్టాను. గాజు పలకలకి నల్లటి అంచులు కట్టినట్టు వందల గదులు, అంచు దగ్గరకి వచ్చేసరికి ఆవగింజలో సగం. ఆయన ఊపిరి తీసుకోవడం కూడా మర్చిపోయినట్టు చూశారు.

"ఒక్క చోట కూడా జారలేదండీ" అన్నారు చివరికి, "దీనికెంత ఓపికండీ!"

ఆ మాటలు విన్న యజమాని గారు కూడా లేచి వచ్చి ఆయన కుర్చీ వెనక నిలబడి చూశారు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇంకో ఆదివారం ఒక ఎత్తు. ఆ నెల అత్తగారు కూడా వచ్చారు. ముందు రోజు సాయంత్రం మా ఇంటి డాబా మీద ఆవిడ బియ్యం చెరుగుతుంటే, నేను దగ్గరగా ఒక ఫోటో తీశాను. వద్దు బాబూ వద్దు అంటూనే కొంగు సర్దుకున్నారు. మరుసటి పొద్దున ప్రెస్సులో మామగారిని కూర్చోబెట్టి, చెరుకు ముక్కల ఫోటోల మధ్యలో, చెప్పకుండా ఆ ఫోటో తెరిచాను.

ఆయన మెడ వంచారు. "ఎవరండీ?"

నేను పెద్దది చేశాను. గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు. కుడి కనుబొమలో తెగిన చిన్న గీత. ముక్కుపుడక రాయిలో డాబా మీది ఆకాశం. కళ్ళ చుట్టూ నవ్వు ముడతలు, ఒక్కోటీ వేరుగా.

ఆయన చేతులు కుర్చీ చేతుల మీద బిగుసుకున్నాయి. ఏడేళ్ళుగా ఆయనకి ఆవిడ ఒక గొంతు, ఒక నడక, ఒక చీర రంగు. మాకెవరికీ ఆ సంగతి తోచలేదు. పనిలేక కుమిలిపోతున్నారనుకున్నాం గానీ, ఇంట్లో మనిషి మొహం కూడా ఆయనకి లేకుండా పోయిందని అనుకోలేదు.

అత్తగారు వెనకే నిలబడి ఉన్నారు. "ఏంటయ్యా అట్లా చూస్తావ్? ముసలిదాన్నయిపోయానా?" అన్నారు.

"అయ్యావే" అన్నారాయన. "కనుబొమ మీద గీతేంటి?"

"నాలుగేళ్ళయింది. నూతిగట్టు దగ్గర పడ్డాను. అప్పుడే చెప్పాగా."

"చెప్పావు. ఇంత దెబ్బని చెప్పలేదు."

ఆవిడ వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నారు. యజమాని గారు నన్ను కళ్ళతోనే బయటికి రమ్మన్నారు. ఇద్దరం మెట్ల మీద నిలబడ్డాం. లోపల నుంచి మాటలు వినిపిస్తున్నాయి గానీ ఏమిటో తెలియలేదు, మధ్యలో ఆవిడ నవ్వు ఒకసారి గట్టిగా వినిపించింది. యజమాని గారు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, "కెమెరా నీ దగ్గరే ఉంచుకోవయ్యా, ఇక ప్రెస్సుకి తిరిగి ఇవ్వద్దు" అన్నారు.

మామగారు ఆ తర్వాత ఆరేళ్ళున్నారు. చూపు ఇంకా తగ్గింది గానీ, షెడ్డుకి వెళ్ళడం చివరి నెలల దాకా మానలేదు. కెమెరా రెండువేల తొమ్మిదిలో ముక్కు లోపలికి పోకుండా ఇరుక్కుంది. బాగుచేసేవాళ్ళు దొరకలేదు. ఇప్పుడు నా జేబులో ఉన్న ఫోను దానికంటే ఎన్నో రెట్లు మంచి ఫోటోలు తీస్తుందని మా అమ్మాయి చెబుతుంది, నిజమే. కానీ నాకు దగ్గరగా చూడటం నేర్పింది ఆ సబ్బు పెట్టే, నా చేతిలో పాడైనా ఫరవాలేదని దాన్ని నాకిచ్చిన మనిషీ. ఆయన ఇప్పుడు పటమటలో కొడుకు ఇంట్లో ఉన్నారు. ప్రెస్సు అమ్మేసి చాలా కాలమైంది. నెలకోసారి వెళ్ళి కలుస్తాను. వెళ్ళినప్పుడల్లా ఫోనులో ఏదో ఒకటి పట్టుకెళ్తాను. మొన్న మా పెరట్లో పూసిన మునగపువ్వు చూపించాను. ఆయన ఫోను చేతిలోకి తీసుకుని, రెండు వేళ్ళతో పెద్దది చేసుకుంటూ, "ఇది మొన్న వాన పడ్డాక తీశావు కదూ, అడుగున బొట్టుంది చూడు" అన్నారు. నేను చూడలేదు ఆ బొట్టు. కుర్చీ దగ్గరికి జరుపుకుని ఇద్దరం చూశాం.